ఆనుడు కర్ర మీద అట్టముక్క

అన్నయ్య పోయిన నలభై రోజులకి వదిన నన్ను ఒక మాట అడిగింది. మేస్త్రిని ఉంచాలా, పంపెయ్యాలా?

అప్పటికి ఆవిడ ఎవరితోనూ పెద్దగా మాట్లాడటం లేదు. నేను విజయనగరంలో ఒక కాలేజీ లైబ్రరీలో పనిచేస్తాను. ఆదివారం పొద్దున్న పాసింజరెక్కి గజపతినగరం వెళ్లి, వాళ్లింట్లో సాయంత్రం దాకా ఉండి వచ్చేస్తున్నాను. ఉండి చేసేదేమీ లేదు. అన్నయ్య కుర్చీలో నేను కూర్చోను, వదిన కూర్చోదు. ఇంటి వెనక రేకుల షెడ్డులోంచి రంపం మిషను చప్పుడు వస్తూ ఉంటుంది. అన్నయ్యతో ముప్పై ఏళ్లు పనిచేసిన మేస్త్రి, ఒప్పుకున్న తలుపులూ మంచాలూ ఇప్పుడు ఒక్కడే పూర్తి చేస్తున్నాడు.

“ఈమద్దిన సాయంత్రాలు గోనిసంచిలో ఏదో పట్టుకెల్తన్నాడు బాబూ,” అంది వదిన. “మీ అన్నయ్య ఉన్నన్నాళ్లూ కాలీ సేతుల్తోనే ఎల్లీవోడు. ఏటదీ అని నానడగలేను. నువ్వు సదువుకున్నోడివి. నువ్వు సూడు.”

“నువ్వేటనుకుంటన్నావు?”

“నానేటనుకుంటాను. ఉంచమంటే ఉంచుతాను, పంపమంటే పంపీసి షెడ్డుకి తాళం ఏసీస్తాను. ఉంచీసాక మళ్లీ రోజూ అనుమానం పడుతూ కూకోడం నా వల్ల కాదు.”

సరేనన్నాను. మేస్త్రి బతుకుతెరువు ఆ షెడ్డే. ఆ సంగతి నాకు తెలుసు. అయినా సరేనన్నాను.

షెడ్డులోకి వెళ్లేసరికి అతను మిషను ఆపేశాడు. నన్ను చూసి ఆపాడా, పని అయిపోయి ఆపాడా అని ఆలోచించాను. ఆ రోజు నుంచీ నా ఆలోచనలన్నీ ఇలాగే ఉండేవి.

అది శృంగవరపుకోటలో మూతపడిన ఒక కలప అడితిలో కొన్న పాత మిషను. ఇనప బల్ల, మధ్యలో పైకి లేచిన గుండ్రటి బ్లేడు, దానికి రెండు పక్కలా బల్ల పొడుగునా రెండు గాడులు. మిషనుకి కొయ్యడమే తెలుసు, తిన్నగా కొయ్యడం తెలీదు, అది మనం చేసి పెట్టాలి అనేవాడు అన్నయ్య. అందుకని మిగిలిపోయిన ప్లైవుడ్డు ముక్కలతో, టేకు పట్టీలతో తనే రకరకాల అచ్చులు చేసుకున్నాడు. మిషను బాగుచేసేవాడు వాటిని జిగ్గులు అనేవాడు. అన్నయ్య ఒక్కోదానికి ఒక్కో పేరు పెట్టుకున్నాడు. చెక్కను అడ్డంగా కోసేది బండి. ఫోటో చట్రాల మూలలు కోసేది మూల పలక. మంచం కాళ్లు కిందికి సన్నబడేలా కోసేది వాలు పలక. చెక్క వెనక్కి తన్నకుండా నొక్కిపట్టే, పళ్లున్న చెక్క దువ్వెన. చెయ్యి బ్లేడు దగ్గరికి పోకుండా తోపుడు కర్ర. అన్నీ గోడకి మేకుల మీద వేలాడుతూ ఉండేవి.

ఆ రోజు మూడు మేకులు ఖాళీగా ఉన్నాయి.

“రా బావా. పాసింజరు లేటా?” అన్నాడు మేస్త్రి. అన్నయ్యని బావా అనేవాడు కాబట్టి నేనూ బావనే. ఆ వరసనే వదిన అతనికి చెల్లెమ్మ. మా మధ్య వేరే చుట్టరికం లేదు.

“ఈ మేకులకి ఉండాల్సినవేవి?”

“ఏయీ?”

“బండి. మూల పలక. వాలు పలక.”

“ఓ, అయ్యా. ఇంటికాడున్నాయి. కుంచెం బాగు సెయ్యాలనీసి పట్టుకెల్లాను.”

“అన్నయ్య చేసినవాటికి నువ్వు బాగు చేసేదేటి?”

“సెక్క కదా బావా. మనిసే ఉండనప్పుడు సెక్కుంటాదేటి?”

మాట బాగుంది. బాగున్న మాటలంటే నాకు మొదటి నుంచీ నమ్మకం తక్కువ. అతను ఆ మాట అంటూ పక్కనున్న పనిబల్ల సొరుగు మోకాలితో మూశాడు. అదీ గమనించాను.

గోడకి మిగిలినవి చూస్తూ నిలబడ్డాను. దువ్వెన మీదా, తోపుడు కర్ర మీదా దసరా నాటి పసుపూ బొట్టూ ఇంకా ఉన్నాయి. ఆయుధపూజ నాడు మిషనుకీ పనిముట్లకీ అన్నయ్యే స్వయంగా పసుపు రాసి బొట్టు పెట్టేవాడు. ఆ పని ఎవరి చేతికీ ఇచ్చేవాడు కాదు. ఒక్కోదానికి ఒకటే బొట్టు, పైన, సరిగ్గా మధ్యలో. మధ్య ఎక్కడో వేళ్లతో కొలుచుకుని మరీ పెట్టేవాడు. ఈ ఏడాది ఆ బొట్లు పెట్టి, విజయనగరం వచ్చి సిరిమాను సంబరం చూసెళ్లాక మూడు వారాలకి, ఒక పొద్దున్న ముఖం కడుక్కుంటూ గుండె ఆగి పోయాడు.

పోయే ముందు ఆదివారం నేను వచ్చాను. నా చేతిలో ఒక పుస్తకం ఉంది. “ఏం పుస్తకమది?” అని అడిగాడు. అట్ట మీద పేరు బొటనవేలంత అక్షరాల్లో ఉంది. చెప్పాను. “ఊఁ,” అన్నాడు. అంతకు మించి మేం మాట్లాడుకున్నది నాకు గుర్తు లేదు.

తర్వాతి ఆదివారానికి బండి మేకు మీదకి తిరిగొచ్చింది. మిగతా రెండూ రాలేదు. మేస్త్రి టీ తాగడానికి రోడ్డు మీదకి వెళ్లినప్పుడు దాన్ని దించి చూశాను.

బండి చెయ్యడం నేను దగ్గరుండి నేర్చుకున్న పనే. కాలేజీ సెలవుల్లో మొదటి బండి అన్నయ్య నా చేతే చేయించాడు. ముందు రెండు టేకు పట్టీలు. అవి బల్ల గాడుల్లో బిగుసుకోకూడదు, అలాగని కదలాడకూడదు. చిత్రికతో ఒక్క తోపు తోసి గాడిలో పెట్టి చూడటం, మళ్లీ ఒక్క తోపు. సరిపోయాక కొవ్వొత్తి రుద్దితే నూనె రాసినట్టు జారతాయి. వాటి మీద ప్లైవుడ్డు పలక. పలక మీద, మనవైపు అంచున, అడ్డంగా ఒక మందపాటి కర్ర. అది ఆనుడు కర్ర; మూల పలకకీ వాలు పలకకీ కూడా ఇలాంటిదే ఉంటుంది. కొయ్యాల్సిన చెక్కను దానికి ఆనించి పలకంతా ముందుకి తోస్తే బ్లేడు అడ్డంగా కోసుకుంటూ పోతుంది. ఆనుడు కర్ర బ్లేడుకి మూలమట్టంగా ఉందా, కోత తిన్నగా వస్తుంది. లేదా, ఆ బండి ఉన్నన్నాళ్లూ వంకరే కోస్తుంది.

సరిచూసుకునే పద్ధతీ ఆయన చెప్పిందే. ఒక వెడల్పాటి చెక్కను రెండుగా కొయ్యి. ఒక ముక్కని బోర్లా తిప్పి, కోసిన అంచులు రెండూ మళ్లీ కలిపి వెలుతురుకి పెట్టు. మధ్యలో వెలుతురు కనపడిందంటే వంకర ఉన్నట్టు. కనపడే సందు అసలు వంకరకి రెండింతలుంటుంది కాబట్టి అది దాక్కోలేదు.

కోశాను. తిప్పి కలిపాను. సందులో నా గోరు దూరింది.

బండిని బోర్లించి, తిరగేసి చూశాను. ఆనుడు కర్ర లోపలి ముఖం మీద, ఎడమ చివర, రెండు వేళ్ల వెడల్పున ఎవరో కత్తితో గీకిన మచ్చ ఉంది. చుట్టూ జిగురు చారలున్నాయి. గీకుడు కొత్తది. అన్నయ్య చేతిలోది ఏదీ అంత మోటుగా ఉండదు.

టీ తాగి వచ్చిన మేస్త్రి, బల్ల మీద నేను కోసిన ముక్కలు చూశాడు. ఏం కోశావని అడగలేదు. ముక్కలు తీసి పొయ్యిలోకి పనికొచ్చే చెత్తలో పడేశాడు.

వదిన వాకిట్లో నిలబడి ఉంది. “ఏటి?” అంది.

“వచ్చేవారం చెప్తాను.”

ఆ వారమంతా నేను లైబ్రరీలో పుస్తకాలు సర్దుతూ ఒకటే ఆలోచించాను. మేస్త్రి ఇంకెక్కడో పని చూసుకున్నాడు. మంచి అచ్చుల్ని చూసి ఇంటి దగ్గర నకళ్లు చేసుకుంటున్నాడు. ఇక్కడివి చెడగొట్టి మేకులకి తగిలిస్తున్నాడు. రేపు ఇతను వెళ్లిపోయి వదిన ఇంకెవరినైనా పెట్టుకుంటే, ఆ కొత్తవాడి కోతలన్నీ వంకరపోతాయి. అప్పుడు నువ్వే దిక్కని ఇతని దగ్గరికే పరిగెత్తాలి. ఇలా పేర్చుకుంటూ పోతే అన్నీ అతికాయి. ఖాళీ మేకులు, మోకాలితో మూసిన సొరుగు, అడగని ప్రశ్న. ముప్పై ఏళ్లు మా అన్నయ్య పక్కన నిలబడి పనిచేసిన మనిషి గురించి ఇలా అనుకోవడానికి నాకు మూడు రోజులు కూడా పట్టలేదు.

మూడో ఆదివారం నేను షెడ్డుకి వెళ్లలేదు. స్టేషను నుంచి నేరుగా మేస్త్రి ఇంటికి వెళ్లాను. ఊరి చివర రెండు గదుల డాబా. మధ్యాహ్నం అవుతోంది. అతను అరుగు మీద బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. ఒక పక్క వాలు పలక ఉంది. ఒళ్లో మూల పలక. దాని ఆనుడు కర్ర చివర తడిగుడ్డ చుట్టి ఉంది. పక్కన కత్తి.

“వచ్చీసావేటి,” అన్నాడు. లేవలేదు.

“అది అన్నయ్యది.”

“అవును.”

“తడిగుడ్డెందుకు చుట్టావు?”

“కూకో ముందు.”

“కూర్చోను. బండి పాడు చేసీసావు. కోసి చూసాను. సందులో గోరు దూరింది.”

“తిరగేసి కలిపి సూసావేటి?”

“చూసాను.”

“మీ అన్న నేర్పిందే,” అన్నాడు. గుడ్డ మీంచి చెయ్యి తియ్యలేదు. “నాను పాడు సెయ్యనేదు బావా. అది పుట్టడమే వంకరగా పుట్టింది.”

“అన్నయ్య చేసినది?”

“మీ అన్న సేసిందే. రెండేళ్ల కిందట మిషనుకి బేరింగులు మార్పించాం. పాత అచ్చులు కుదరక మూడూ కొత్తగా సేసాడు. మూడూ వంకరే. ఆడికప్పటికే కళ్లు ఆనడం నేదు. సుగరు. మూలమట్టం కాడ ఒక గీత రెండు గీతల్లాగ అవుపడీది కావాల. ఎవులికీ సెప్పనేదు. నాకూ సెప్పనేదు. నాను సూసి తెలుసుకున్నాను.”

మేస్త్రి తడిగుడ్డని ఇంకోసారి బిగించి చుట్టాడు.

“పోయిన ఏడు దసరా ఎల్లాక, రామతీర్థం కాడోయన తలుపు తిరిగి పంపీసాడు. పైన మూస్తే కింద తెరుసుకుంటంది, కింద మూస్తే పైన తెరుసుకుంటంది, ఇది తలుపేట్రా, ఊయలేట్రా అనీసి రోడ్డు మీద నిలబడి తిట్టాడు. నా తప్పే బాబూ, పచ్చిసెక్క ఎట్టీసానని ఆ తిట్లన్నీ నానే తినీసాను. మీ అన్న లోపలున్నాడు.” మేస్త్రి నవ్వాడు. “మర్నాడు మద్దేన్నం ఆడు బువ్వ తినీసి తొంగున్నప్పుడు, పెళ్లికార్డు ముక్క కత్తిరించి ఆనుడు కర్ర సివర అతికించాను. కోసి తిరగేసి సూసాను. సాలకపోతే ఇంకో ముక్క. ఎలుతురు అవుపడకుండా అయ్యాక మేక్కి తగిలించీసాను. తరవాత మిగతా రెండూ అంతే. ఆడు లేచి కోసుకునీవోడు. సూసావేటి బావా, నా సేతి బండి ఎలగ కోస్తందో, అనీవోడు. అవును బావా, అనీవోన్ని.”

“మరిప్పుడెందుకు పీకుతున్నావు?”

“సెల్లెమ్మ నాతో మాటాడ్డం మానీసింది. నువ్వు వారం వారం వచ్చి మేకులు లెక్కెడతన్నావు. నన్ను తీసీస్తారని తెల్దేటి? రేపు కొత్తోడొచ్చి మొదట ఏటి సూస్తాడు? అచ్చులే సూస్తాడు. ఓలమ్మో, అంత పేరున్నోడు పెళ్లికార్డులు అంటించి కోసాడా, అంటాడు. ఊరంతా సెప్తాడు. అందుకనీసి ఇంటికాడ అట్టముక్కలు పీకీసి, అక్కడ ఎవులూ నేనప్పుడు మిషను మీద పెట్టి కర్ర తిన్నగా బిగించీద్దామనుకున్నాను. బండిది పీకాను. బిగించీలోగా నువ్వొచ్చి కోసీసావు.”

నేను నమ్మలేదు. అప్పుడు నమ్మానని రాసుకుంటే బాగుంటుంది కానీ నమ్మలేదు. చనిపోయినవాడి మీద ఏ లోపమైనా పెట్టొచ్చు, ఆయన లేచి వచ్చి కాదనడు. ఈ కథ వారం రోజులు కూర్చుని అల్లినా ఇంత బాగానే ఉంటుంది.

“అన్నయ్యకి తెలుసా ఇది?”

“తెల్దు. అవుపడితే కదా తెలీడానికి.”

పక్కనున్న వాలు పలకని ఎండలోకి తీసుకెళ్లాను. దానికింకా తడి తగల్లేదు. ఆనుడు కర్ర చివర, లోపలి ముఖం మీద రెండు అట్టముక్కలు ఒకదాని మీద ఒకటి అంటించి ఉన్నాయి. అంచున పెళ్లికార్డు బంగారు రంగు గీత కొద్దిగా కనిపిస్తోంది. కర్ర నెత్తిన, సరిగ్గా మధ్యలో, వెలిసిపోయిన పాత బొట్టు మరక ఒకటి ఉంది. అది ఒక వాన కాలం చూసిన బొట్టు. పోయిన ఏడాదిది.

ఈ ఏడాది బొట్టు అక్కడ లేదు.

అది అట్టముక్క మీద ఉంది. అట్ట వెడల్పంతా పలచగా పసుపు, దాని మధ్యలో కుంకుమ. అట్ట దాటి చెక్క మీదకి ఒక్క పిసరు కూడా పోలేదు.

చాలాసేపు చూశాను. చెక్కను ఆనించేటప్పుడు ఎడమచేతి వేళ్లు ఎక్కడుంటాయో అలాగే పెట్టి చూశాను. చూపుడువేలు కొన అట్ట అంచుకి తగిలింది. బండినీ పలకల్నీ రోజూ తోసే మనిషి వేళ్లకి అది తగలకుండా ఉండదు. కంటికి కనపడనివాడికి మరీ ముందు తగులుతుంది.

“దసరాకి వీటికి బొట్లు ఎవరు పెట్టారు?”

“ఇంకెవులు, ఆడే. ఈ ఏడు సేనాసేపు పట్టింది. ఒక్కోటీ ఒళ్లో ఎట్టుకుని తడుముకుంటన్నాడు. అవుపడక కావాలనుకున్నాను.”

“ఇటు చూడు. మూల పలకకి గుడ్డ తీసీ.”

అతను గుడ్డ విప్పాడు. లోపలివైపు పసుపు నీరు అంటి ఉంది. అట్ట మీద బొట్టు సగం చెదిరింది కానీ దాని చోటు తెలుస్తోంది. మేస్త్రి జేబులోంచి దారం కట్టిన కళ్లజోడు తీసి పెట్టుకున్నాడు. అదీ చూశాడు, నా చేతిలోదీ చూశాడు. పాత మరక మీద వేలు పెట్టాడు, తర్వాత అట్ట మీద పెట్టాడు.

“ఎప్పుడూ మద్దిలో కదా ఎట్టీవోడు,” అన్నాడు.

తర్వాత కళ్లజోడు తీసేశాడు.

“ముసిలి దొంగ,” అన్నాడు. “అయితే మద్దేన్నం తొంగున్నట్టు నటించీవోడేటి? నాను పిల్లిలాగ మిషను కాడికెల్లి... ఆడు కళ్లు మూసుకుని ఇనీవోడేటి?” నవ్వడం మొదలుపెట్టి మధ్యలో ఆపేశాడు. ఒళ్లో ఉన్న మూల పలకని పక్కన పెట్టి, తడిగుడ్డతో ముఖం తుడుచుకున్నాడు. బుగ్గన పసుపు అంటింది. నేను చెప్పలేదు.

“బండి అట్ట మీద కూడా బొట్టు ఉండీ ఉంటాది బావా,” అన్నాడు. “నాను సూడకుండా గీకీసాను.”

రెండు పలకలూ గోనిసంచిలో పెట్టుకుని ఇద్దరం అతని మోపెడ్ మీద ఇంటికి వచ్చాం. వదిన వాకిట్లోకి వచ్చి సంచీని చూసింది, తర్వాత నన్ను చూసింది.

“ఉంచు,” అన్నాను.

“సంచిలో ఏటి?”

కళ్ల సంగతి దాచి మిగతాది చెప్పొచ్చునా అని ఒక క్షణం ఆలోచించాను. ఇక్కడిదాకా తెచ్చింది ఎవరికి వాళ్లం దాచుకోవడమే. అంతా చెప్పాను. ఆవిడ గుమ్మాన్ని పట్టుకుని విన్నది.

“పొద్దున్న పేపరు నన్ను సదవమనీవోడు,” అంది. “నాను బద్దకం అనుకున్నాను. ఒకసారి ఇసుక్కున్నాను కూడా.” మేస్త్రి వైపు తిరిగింది. “నాతోనైనా సెప్పొచ్చు కదా అన్నయ్యా.”

“ఆడితోనే సెప్పనేదు సెల్లెమ్మా.”

నేను ఆ పుస్తకం సంగతి వాళ్లకి చెప్పలేదు. బొటనవేలంత అక్షరాలు. రోజంతా పుస్తకాల మధ్య ఉండేవాణ్ణి, ఆయన చదవలేకపోతున్నాడని నాకు తట్టలేదు. మేకులూ సొరుగులూ గమనించడం ఆయన పోయాక మొదలుపెట్టాను.

షెడ్డులో మేస్త్రి బండి దించాడు. “దీన్నేటి సేద్దాం? కర్ర ఇప్పి తిన్నగా బిగించీనా?”

“మిగతావాటికి ఉన్నట్టే దీనికీ అట్ట ఉంచండి,” అంది వదిన, గుమ్మంలోంచి ఇటు అడుగుపెట్టి. ఆవిడ షెడ్డు గడప దాటి లోపలికి రావడం అన్నయ్య పోయాక అదే మొదలు.

మందపాటి అట్ట ఏదైనా కావాలన్నాడు మేస్త్రి. వదిన ఇంట్లోకెళ్లి పెద్దకర్మకి వేయించిన కార్డులు మిగిలినవి తెచ్చింది. ఇంట్లో ఆ మందం అట్ట అదొక్కటే ఉంది. అందులో వేరే అర్థమేమీ లేదు. అక్షరాలు లేని అంచు కత్తిరించాను. మేస్త్రి గీకిన మచ్చ మీద జిగురు రాసి, “నువ్వెట్టు,” అన్నాడు. పెట్టి, ఆరేదాకా బొటనవేలితో నొక్కిపట్టాను. కోసి, తిరగేసి కలిపి చూశాం. గోరు దూరలేదు కానీ సన్నటి వెలుతురు ఉంది. ఇంకో ముక్క అంటించాం. మళ్లీ కోశాడు.

ఈసారి మేస్త్రి ముక్కల్ని తను చూడలేదు, నాకూ ఇవ్వలేదు. ఒకదాన్ని బోర్లా తిప్పి, రెండూ కలిపి పట్టుకుని వదినకి ఇచ్చాడు. ఎలా చూడాలో చెప్పాడు. ఆవిడ వాటిని వాకిలి వైపు ఎత్తి, ఒక కన్ను మూసుకుని, కోత పైనుంచి కిందిదాకా మెల్లగా చూసింది. రెండోసారి మళ్లీ మొదటి నుంచి చూసింది. మేస్త్రి చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

“ఏటీ అవుపడ్డం నేదు,” అంది.